చిల్లు లేని బకెట్లు

సీసాల ఫ్యాక్టరీ కొత్త యజమానుల చేతికి వెళ్లి ఊరి బయటికి తరలిపోయినప్పుడు, పాత భవనంలో మిగిలిన కాగితాలను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. యంత్రాలను పాత ఇనుము వాళ్లు పట్టుకుపోయారు. తలుపులకూ కిటికీలకూ కూడా బేరం కుదిరిపోయింది. కాగితాలకు మాత్రం కొనేవాడు దొరకలేదు. దాంతో వాటిని చెక్కపెట్టెల్లో కుక్కి, లారీలో తెచ్చి, పాత పత్రాలు భద్రపరిచే రికార్డు ఆఫీసు మెట్ల ముందు దింపేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు.

ఆ పెట్టెల నిండా ఒప్పందాలే. కార్మిక సంఘం ఒక పక్క, కంపెనీ మరో పక్క కూర్చుని, కొన్ని దశాబ్దాల పాటు వాదించుకుని, చివరికి సంతకాలు పెట్టిన కాగితాలు. సంఘం దాచుకున్న ప్రతులు కొన్ని పెట్టెల్లో, కంపెనీ దాచుకున్నవి మరికొన్నింట్లో ఉన్నాయి. అవన్నీ తుమ్ముల మేడమ్ చేతికి వచ్చాయి.

ఆమెకు ఆ పేరు ఆఫీసులో పెట్టిందే. రికార్డు ఆఫీసు నేలమాళిగలో ఆమె పని. అక్కడున్న ఒక్క కిటికీకి ఎప్పుడో మేకులు కొట్టేశారు. పాత కాగితం కట్ట విప్పగానే లేచే దుమ్ముకి పాపం ఆమె వరసపెట్టి తుమ్మేది. ఆమె ఉద్యోగం కూడా అలాంటిదే, తుమ్మితే ఊడే ముక్కు. ఏడాదికోసారి గడువు పొడిగిస్తారు, అదీ ఆఖరి రోజు సాయంత్రం కబురు వస్తుంది. ఆ రోజంతా ఆమె ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు.

ఆమెతో పాటు ఆ నేలమాళిగలో పనిచేసేది అతుకుల బాబాయి. చిరిగిన కాగితాలను పల్చటి జిగురుతో అతికించడంలో దిట్ట. పంచాయితీలన్నా పెద్దవాళ్లన్నా మాత్రం ఆమడ దూరం.

ఒక్కో ఒప్పందం చదివి, అందులో ఏముందో నాలుగు ముక్కల్లో రాసి, పెట్టె మీద అంటించడం తుమ్ముల మేడమ్ పని. మొదట్లో హుషారుగానే సాగింది. తర్వాత తల గోక్కోవడం మొదలైంది. ఒక ఒప్పందంలో 'ప్రతి కొలిమి వద్ద చిల్లు లేని బకెట్లు నాలుగు ఉంచవలెను' అని ఉంది. బకెట్టన్నాక చిల్లు లేకుండానే కదా ఉంటుంది, పనిగట్టుకుని ఎందుకు రాశారో? మరోదాంట్లో 'ప్యాకింగు విభాగపు స్త్రీలు పని వేళల్లో పాడుకొనవచ్చును. అయితే పాట శ్రావ్యముగా ఉండవలెను' అని ఉంది. శ్రావ్యంగా ఉందో లేదో ఎవరు తేల్చారో? ఇక ప్రతి ఒప్పందం చివరా ఒకే వాక్యం: 'మిగిలిన విషయములలో పాత పద్ధతియే కొనసాగును.' ఆ పాత పద్ధతి ఏమిటో మాత్రం ఏ పెట్టెలోనూ లేదు.

"చిరిగింది అతికించగలను గానీ మేడమ్, అసలు లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చి అతికించను?" అన్నాడు బాబాయి.

చాలా ఏళ్ల ఒప్పందాల కింద అవే రెండు సంతకాలు కనిపించాయి. సంఘం తరఫున ఒక కార్యదర్శి, కంపెనీ తరఫున ఒక లేబర్ ఆఫీసరు. తుమ్ముల మేడమ్ ఆరా తీసింది. ఇద్దరూ ఇదే ఊళ్లో ఉన్నారు, ఇద్దరూ రిటైరై హాయిగా ఉన్నారు. మంగళవారం మంగళవారం వచ్చి ఆ కాగితాల సంగతులు చెప్పమని ఇద్దరికీ కబురు పెట్టింది. ఒకరికి తెలియకుండా ఒకరికి పెట్టాలన్న ఆలోచన ఆమెకు లేదు. రెండో వాళ్లు కూడా వస్తున్నారని చెప్పాలని తోచలేదు, అంతే.

ముందుగా వచ్చిన ఆవిడ డెబ్బై దాటిన మనిషి. చంకలో ఒక దిండు, చేతిలో గొడుగు. మెట్ల మీద ఉండగానే గొంతు కిందికి వినిపించింది.

"ఎవరమ్మా కబురు పెట్టింది? ఈ మెట్లకి పట్టుకునే కడ్డీ ఏదీ?"

"రండి అమ్మగారూ," అంటూ తుమ్ముల మేడమ్ ఎదురెళ్లింది.

"అమ్మగారేంటి, పక్కింటావిణ్ణి పిలిచినట్టు. అక్కా అను. మా ఫ్యాక్టరీలో నా మనవరాలి ఈడు పిల్లలు కూడా సైరనక్కా అనే పిలిచేవాళ్లు."

ఆ తర్వాత కాసేపటికి ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులతో ఒక సన్నటి పెద్దాయన దిగారు. బల్ల దగ్గర కూర్చున్న మనిషిని చూసి ఆఖరి మెట్టు మీదే ఆగిపోయారు.

"సెక్రటరీ గారా!"

"ఆఫీసరు గారా! ఇంకా ఉన్నారన్నమాట."

"మీ దయవల్ల," అన్నారాయన.

ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ కామా గారనేవారు. ఒప్పందంలో ఒక్క కామా ఎక్కడ పెట్టాలన్న దాని మీద పూటంతా వాదించగల మనిషి. తుమ్ముల మేడమ్ వాళ్లిద్దరికీ కుర్చీలు పక్కపక్కనే వేసింది. కామా గారు తన కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి, బల్ల చుట్టూ నడిచి, అవతలి వైపు వేసుకుని, సైరనక్కకి ఎదురుగా కూర్చున్నారు. అక్క తన దిండు సర్దుకుంది. ఇద్దరి మొహాల్లోనూ ఏదో వెలుగు వచ్చింది.

మొదటి కాగితం దగ్గరే గొడవ. తుమ్ముల మేడమ్ 'పెద్ద సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందం' అని రాయబోయింది.

"సమ్మె కాదమ్మా, తాత్కాలిక పని నిలుపుదల," అన్నారు కామా గారు.

"కొలిమి చల్లారిపోయింది, గేటు ముందు వానలో తడిసి ముద్దయ్యాం. నిలుపుదలట నిలుపుదల! బస్సు ఆగినట్టా?"

"కంపెనీ పత్రాల్లో అలాగే ఉంది."

"మీ పత్రాల్లో నన్ను 'కొందరు అపార్థం చేసుకున్నవారు' అని కూడా రాశారు. కొందరూ నేనే, అపార్థమూ నేనే."

అక్క దిండు తీసుకుని లేచి, "ఇలా అయితే నేను మాట్లాడను," అని విసవిసా మెట్లెక్కి వెళ్లిపోయింది. తుమ్ముల మేడమ్ ఆవిడ వెనకాల పరిగెత్తబోతుంటే కామా గారు చెయ్యెత్తి ఆపారు.

"కంగారు పడకమ్మా. వెళ్లిపోయేదైతే గొడుగు కూడా తీసుకెళ్లేది. టీ తాగొస్తుంది. ఈలోగా మనమేం రాశామో చూసుకుంటే మంచిది, వచ్చాక అదే అడుగుతుంది."

నిజంగానే వచ్చింది. చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి తుమ్ముల మేడమ్‌కి ఇచ్చింది, రెండోది కాసేపు పట్టుకుని నిలబడి, చివరికి ఆయన ముందు పెట్టింది. పెట్టె మీద 'సమ్మె (కంపెనీ పత్రాల ప్రకారం పని నిలుపుదల)' అని రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ బ్రాకెట్లు ఎంత పెద్దవి ఉండాలన్న దాని మీద ఇంకాసేపు నడిచింది.

అలా మంగళవారాలు గడిచాయి. ఎడ్డెమంటే తెడ్డెమనే ఆ ఇద్దరి మధ్య కూర్చుని రాసుకోవడం తుమ్ముల మేడమ్‌కి మొదట తలనొప్పిగా ఉండేది. రానురాను సోమవారం రాత్రి నుంచే ఆమెకు సంబరంగా ఉండసాగింది. అతుకుల బాబాయి కూడా తన జిగురు గిన్నె తెచ్చుకుని ఆ బల్ల చివరే కూర్చోవడం మొదలుపెట్టాడు.

శ్రావ్యమైన పాట సంగతి అలా బయటపడింది. ప్యాకింగులో గడ్డి పరిచి సీసాలు సర్దే ఆడవాళ్లు పాడుకుంటూ పనిచేసేవారు. పాటల ధ్యాసలో సీసాలు పగులుతున్నాయని కంపెనీ ఆపమంది. పాడకపోతే నిద్రొచ్చి ఇంకా ఎక్కువ పగులుతాయని సంఘం అంది. చివరికి పాడుకోవచ్చు గానీ శ్రావ్యంగా ఉండాలన్న చోట రాజీ కుదిరింది. దాన్ని తేల్చడానికి ఒక కమిటీ కూడా వేశారు.

"కంపెనీ తరఫున ఎవరూ ముందుకు రాలేదు. నా మెడకు చుట్టారు," అన్నారు కామా గారు. "రోజూ మధ్యాహ్నం వెళ్లి పాటలు వినడం నా డ్యూటీ. అందరూ పాసయ్యారు."

"అందరూనా?" అంది సైరనక్క.

"ఒక్కరు తప్ప."

"చూశావా అమ్మాయ్! నేను కష్టపడి తెచ్చిన హక్కు. ఊరంతా పాడుకున్నారు, నన్ను మాత్రం ఫెయిల్ చేశాడీయన!"

"మీరు పాడిన రోజు పై అరలోంచి ఒక సీసా దానంతటదే కిందపడిందండీ. నేను రిపోర్టులో రాయలేదు, అది నా మంచితనం."

అతుకుల బాబాయి నవ్వాపుకోలేక జిగురు బ్రష్షుని టీ గ్లాసులో ముంచేశాడు.

బకెట్ల సంగతి మాత్రం నవ్వుతూ రాలేదు. ఆ ఒప్పందం బల్ల మీద పెట్టినప్పుడు తుమ్ముల మేడమ్ నవ్వుతూనే అడిగింది, "ఈ చిల్లు లేని బకెట్లు ఏంటక్కా?" అని. సైరనక్క కాగితం దగ్గరికి లాక్కుని ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"మా అన్నయ్య కొలిమి దగ్గర ఊదుగొట్టంతో సీసాలు ఊదేవాడు," అంది. "ఒకరోజు గొట్టం విరిగి, కరిగిన గాజు చేతి మీద పడింది. చొక్కా అంటుకుంది. నేనప్పటికి కొత్తగా చేరిన పిల్లని. నోట్లో నాలుక లేదనేవారు నన్ను. నీళ్లు, నీళ్లు అని అరిచాను చూడు, అవతలి వీధిలో వాళ్లు ఫ్యాక్టరీ సైరన్ అనుకుని భోజనాలకి లేచారట. ఆ పేరు అప్పుడే వచ్చింది."

"నీళ్లు తెచ్చారా?"

"ఒకాయన తెచ్చాడు. ఆఫీసులో గుమాస్తా. బకెట్టు పట్టుకుని ఆ చివర్నుంచి పరిగెత్తుకొచ్చాడు."

కామా గారు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశారు. "బకెట్టుకి చిల్లు ఉందమ్మా. నేను చూసుకోలేదు. తీరా వచ్చి గుమ్మరిస్తే దోసెడు నీళ్లు కూడా లేవు. దారంతా పోయాయి."

"ఆ దోసెడూ చొక్కా ఆర్పింది," అంది సైరనక్క. "చెయ్యి పోయింది గానీ మనిషి దక్కాడు. తర్వాత అన్నయ్యని గేటు దగ్గర పనికి వేశారు. ఎడం చేత్తో క్యారమ్స్ ఆడి ఫ్యాక్టరీ మొత్తాన్నీ ఓడించేవాడు."

"నన్నెప్పుడూ గెలవనివ్వలేదు," అన్నారు కామా గారు.

"ఆ తర్వాత నన్ను సంఘంలోకి లాగారు. నేను కూర్చున్న మొదటి చర్చలవే. 'బకెట్లు నాలుగు' అని రాయించాను. ఈయన గుమాస్తాగా పక్కన రాసుకుంటున్నాడు. పై ఆఫీసరు చూడకుండా దాని ముందు 'చిల్లు లేని' అని కలిపేశాడు. టైపయి వచ్చాక చూసి మా వాళ్లందరూ తెల్లబోయారు. నేనొక్కదాన్నే తెల్లబోలేదు."

తుమ్ముల మేడమ్ పెట్టె మీద ఆ సంగతంతా రాసింది. నాలుగు ముక్కల్లో ఇమడలేదు. ఇంకో కాగితం అతికించమని బాబాయిని అడిగింది. ఆయన ముక్కు ఎగబీల్చి, దుమ్మని చెప్పి, అతికించాడు.

ఆ మధ్యాహ్నమే భోజనాల వేళ సైరనక్క గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చింది. తుమ్ముల మేడమూ బాబాయీ మెట్ల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని, ఒళ్లో క్యారేజీలు పెట్టుకుని తింటున్నారు. పైకీ కిందికీ ఎవరు నడిచినా మోకాళ్లు పక్కకి తిప్పుకుంటున్నారు.

"ఇదేంటమ్మాయ్, బస్సు తప్పిపోయిన వాళ్లలా ఇక్కడ కూర్చున్నారు?"

"కింద కాగితాల దగ్గర టీ అయితే ఊరుకుంటారు గానీ, తినకూడదక్కా. వేరే గది లేదు."

"అడిగారా?"

"అడిగాం. డైరెక్టరు గారు మంచివారే. చూద్దాం అన్నారు."

"చూద్దాం అంటే ఏంటో తెలుసా? పౌడరు రాసుకున్న 'కాదు'. అమ్మాయ్, ఊరందరి ఒప్పందాలూ చదివావు, నీకంటూ ఒక్క వాక్యమైనా రాయించుకోలేదా?"

తుమ్ముల మేడమ్ నోటి నుంచి ఉద్యోగం గడువు సంగతి, కిటికీ మేకుల సంగతి, ఒక్కొక్కటీ బయటపడ్డాయి. అడగనిదే అమ్మయినా పెట్టదని సైరనక్క అంది. అడిగితే ఉన్నది కూడా పోతుందేమోనని బాబాయి అన్నాడు.

తర్వాతి మంగళవారం విషయం కామా గారి ముందుకు వచ్చింది. ఆయన చేతులు కట్టుకున్నారు.

"నేను జన్మంతా అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు ఇటు రావడం పద్ధతి కాదు."

"రావద్దండీ. అటే కూర్చోండి," అంది సైరనక్క. "మీరే డైరెక్టరు. ఈ పిల్ల మిమ్మల్ని అడుగుతుంది. ఎలా అడుగుతుందో చూద్దాం."

ఆయన కళ్లు మెరిశాయి. చొక్కా సర్దుకుని, పెన్ను బల్ల మీద అడ్డంగా పెట్టి, ఎంతో ఆప్యాయంగా తలెత్తారు. "రా అమ్మా, కూర్చో. ఇంట్లో అందరూ కులాసానా? అత్తగారికి మోకాళ్ల నొప్పులు అన్నావు, తగ్గాయా?"

తుమ్ముల మేడమ్ అత్తగారి మోకాళ్ల గురించీ, డాక్టరు చెప్పిన వ్యాయామాల గురించీ, ఆవిడ వాటిని చేయకపోవడం గురించీ అంతా చెప్పింది. ఆయన ఎంతో శ్రద్ధగా విని, ఒక మంచి నూనె పేరు చెప్పారు. ఆమె థాంక్సండీ అని లేచి వచ్చేసింది.

"గది ఏదీ?" అంది సైరనక్క.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

రెండోసారి ఆయన ఒక కమిటీ వేద్దామన్నారు. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. మూడోసారి, "నువ్వే చెప్పు, నా స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు?" అన్నారు. ఆమె పాపం ఆయన ఇబ్బందులన్నీ ఆయనకే వివరించి, గది ఇవ్వడం ఎంత కష్టమో నిరూపించి వచ్చింది.

"ఇంత మోసగాళ్లా మీరు!" అంది ఆయనతో, నవ్వాలో ఏడవాలో తెలియక.

"జీతం దానికే ఇచ్చేవారమ్మా. కానీ ఒక మాట చెప్తా విను. ఈవిడ అరిచినప్పుడు నాకేం భయం వేసేది కాదు. అరుపుకి నా దగ్గర జవాబుండేది. అడగాల్సింది అడిగేసి, నోరు మూసుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చునేది చూడు, అప్పుడు చెమటలు పట్టేవి. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే ఏదో ఒకటి ఇచ్చేసేవాణ్ణి."

"ఆ సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అంది సైరనక్క.

"చెప్తే ఇంకా ఎక్కువసేపు కూర్చునేవారు."

తుమ్ముల మేడమ్ ముందు ఇంట్లో ప్రయత్నించి చూసింది. ఆమె భర్త రోజూ తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. ఆ పొద్దున ఆమె రోజూలా సణగలేదు. "తువ్వాలు తీయండి," అని ఒక్కసారి అని, గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకుంది. ఆయన అటూ ఇటూ చూశాడు, దగ్గాడు, తువ్వాలు తీసి ఆరేశాడు, అక్కడితో ఆగక దుప్పటి కూడా మడతపెట్టాడు. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అంది.

అసలు రోజు వచ్చింది. పైన డైరెక్టరు గదిలోకి తుమ్ముల మేడమూ, ఆమె వెనకే, వద్దు వద్దంటూనే అతుకుల బాబాయీ వెళ్లారు. పెద్దవాళ్లిద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు.

"రండి రండి. ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నారు డైరెక్టరు.

"బాగున్నారండీ," అంది తుమ్ముల మేడమ్. అక్కడ ఆగింది. నాలుక చివరిదాకా వచ్చిన మోకాళ్లను మింగేసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. తినడానికి ఒక గది కావాలి. కిటికీ మేకులు తీయించాలి. మంచి కుర్చీలు కావాలి. ఉద్యోగం పొడిగిస్తారో లేదో ఆఖరి రోజున కాకుండా నెల ముందే చెప్పాలి.

"అవును, న్యాయమే. చూద్దాం," అన్నారు డైరెక్టరు.

ఆమె మాట్లాడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. గోడగడియారం చప్పుడు వినిపించింది. బాబాయి భయంతో కళ్లు మూసుకున్నాడు. డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు.

"అంటే... వీధి వైపు పాత స్టోర్ రూమ్ ఉంది. విరిగిన బల్లలు తీయించేస్తే పనికొస్తుంది." ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "కిటికీ... వడ్రంగిని రేపే పంపిస్తాను." ఇంకా ఊరుకుంది. "గడువు నా చేతిలో లేదమ్మా, పైవాళ్లు చెప్పాలి. కానీ నెల ముందే అడుగుతాను, జవాబు వచ్చిన రోజే మీకు చెప్తాను. అది రాసిస్తాను. కొత్త కుర్చీలు మాత్రం నిజంగా కుదరవు, పాతవి బాగుచేయిస్తాను."

"సరేనండీ," అంది ఆమె.

డైరెక్టరు కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టి, చివర్లో ఆగారు. "మిగతావన్నీ ఎప్పటిలాగే అని రాసేద్దామా?"

"ఎప్పటిలాగే అంటే ఏంటో కూడా రాసేయండి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. తిరిగి చూస్తే అతుకుల బాబాయి. తన గొంతుకి తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

సంతకాలయ్యాక డైరెక్టరు గారు పెన్ను తిప్పుతూ, కాస్త మొహమాటంగా అడిగారు. "ఒక్క మాట. నేనూ ఈ ఫైళ్ల మధ్య ఒక్కణ్ణే తింటుంటాను. ఆ గదిలోకి అప్పుడప్పుడు నేను కూడా క్యారేజీ తెచ్చుకోవచ్చా?"

తుమ్ముల మేడమ్ బయటికి వచ్చి బెంచీ మీద వాళ్లను అడిగింది. సైరనక్క ముక్కు మీద వేలేసుకుంది. ఇలాంటిది తన అనుభవంలో ఎన్నడూ రాలేదని కామా గారు ఒప్పుకున్నారు. ఇద్దరూ గుసగుసలాడుకుని, ఒక షరతు మీద రానివ్వవచ్చని తేల్చారు: తినేటప్పుడు ఆఫీసు మాటలు ఎత్తకూడదు. డైరెక్టరు గారు అప్పటికప్పుడు ఒప్పుకున్నారు. ఆ వాక్యంలో 'అత్యవసరమైతే తప్ప' అని కలపాలా వద్దా అన్న దగ్గర మాత్రం కామా గారు మెట్లు దిగేదాకా వదల్లేదు.

వడ్రంగి వచ్చి మేకులు పీకాడు. కిటికీ తెరిస్తే నేలమాళిగలోకి వెలుతురుతో పాటు వీధి దుమ్ము కూడా వచ్చింది కాబట్టి మేడమ్ తుమ్ములు పూర్తిగా ఆగలేదు, కాకపోతే ఇప్పుడు గాలి ఆడే చోట తుమ్ముతోంది. స్టోర్ రూమ్ గోడలకు బాబాయి స్వయంగా సున్నం వేశాడు. మొదటి రోజు డైరెక్టరు గారు ఆఫీసు మాట ఎత్తకూడదన్న భయంతో అసలు నోరే విప్పలేదు. మూడో రోజుకి, ఆయన చిన్నప్పుడు నాటకాల్లో ఆడవేషాలు వేసేవారని అందరికీ తెలిసిపోయింది.

సీసాల ఫ్యాక్టరీ పెట్టెలన్నీ పూర్తయిన మంగళవారం, కొత్తగా ట్రాము డిపో వాళ్ల పెట్టెలు మెట్ల ముందు దిగాయి. ఇక రానక్కర్లేదని ఆ ఇద్దరికీ ఎలా చెప్పాలా అని తుమ్ముల మేడమ్ దిగులుగా వాళ్ల కోసం చూస్తోంది. వాళ్లిద్దరూ వచ్చి, ఆమెను ఏమీ అడక్కుండానే, పై పెట్టె మూత తీశారు.

"నాకు ట్రాముల గురించి ఒక్క ముక్క తెలియదు," అన్నారు కామా గారు.

"నాకు మాత్రం తెలుసా?" అంది సైరనక్క, దిండు కుర్చీలో సర్దుకుంటూ. "తెలిసినవాళ్లు దొరికేదాకా మీరు కంపెనీ వైపు చదవండి, నేను సంఘం వైపు చదువుతాను. అమ్మాయ్, టీ చెప్పు."

తుమ్ముల మేడమ్ టీ చెప్పడానికి మెట్లెక్కుతుంటే, కింద అప్పుడే మొదటి పేజీ మీద మాట పట్టింపు వచ్చింది.